చక్రాల కింద నిమ్మకాయలు

ఆ ట్రాక్టరు మూలుగుతుందని నాకు మొదట చెప్పింది జోగమ్మ.

పెద్ద కార్ఖానా ఉన్న ఈ హిందీ ఊళ్ళో, పర్సుడీహ్‌లో జగ్గారావు కంట్రాక్టరు యార్డు గేటు పక్కనే ఆమె దుకాణం. దుకాణమంటే ఒక గోనెపట్టా, దాని మీద నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు, దారానికి గుచ్చిన దిష్టిదండలు. నేను రిక్షా దిగి గేటు వైపు నడుస్తుంటే తలెత్తి చూసింది.

“ఆ బండి కోసమేనా బావూ? ఒద్దు. ఇంజను తిప్పితే సాలు, మూలుగుతాది. సచ్చిపోయిన డైవరు ముసలయ్యే అంతారు ఈళ్ళందరూ. నాకు మాత్రం అలగుండదు.”

“నీకెలా ఉంటుంది?”

“దూరం నుండి ఎవులో పిలిసినట్టుంటాది.”

ఆమె భర్త తవిటయ్య ఈ యార్డులోనే రాత్రి కాపలా కాసే చౌకీదారు. అతని సంగతి అడిగాను.

“ఇస్వకర్మ పూజకి ముందర ఊరెల్లిపోనాడంట. తల్లికి బాగోనేదని కంట్రాక్టరు బాబుతో సెప్పినాడంట. నాతో సెప్పనేదు బావూ. సిత్రం కాదేటి? గొడుగు వొదిలేసినాడు. కొత్త సెప్పులు వొదిలేసినాడు. డూటీ ఈల మాత్రం మెళ్ళో ఏసుకెల్లిపోనాడు.”

“ఊరెళ్ళేవాడికి ఈల ఎందుకు?”

“అదే నాకూ తెల్దు” అంది జోగమ్మ. ఈ ప్రశ్న ఆమె తనకు తానే చాలాసార్లు వేసుకుందని ఆ గొంతే చెప్పింది.

“పూజకి ఈ యార్డువాళ్ళు నిమ్మకాయలు నీ దగ్గరే కొన్నారా?”

“ఇంకెవుల కాడ కొంతారు? పూజ ముందునాడు పొద్దున్న ముసలయ్య నాలుగు అట్టుకెల్లినాడు. సందేల కంట్రాక్టరు బాబు మరో నాలుగు అట్టుకెల్లినాడు. దండ కాదు, ఇడికాయలు. ఎప్పుడూ మనిసిని పంపుతాడు, ఆ ఏల తనే వొచ్చినాడు.”

నేను ఒక దండ కొన్నాను. ఆమె చిల్లర వద్దన్నా వినకుండా ఒక మిరపకాయ ఎక్కువ గుచ్చి ఇచ్చింది.

నా పేరు సీతారామరావు. రైల్వేలో ప్రమాదాల విచారణ చేసి రిటైరయ్యాను. ఇప్పుడు కద్మాలో ఒంటరిగా ఉంటూ, ఎవరైనా పిలిస్తే ప్రైవేటుగా విచారణలు చేస్తుంటాను. ముందురోజు ముసలయ్య భార్య నూకమ్మ నా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. భర్త పోయి రెండు వారాలైనా కాలేదు. ఇప్పుడు తమ్ముడు కూడా పోతున్నాడు.

జరిగింది ఇది. యంత్రాలన్నిటికీ చేసే విశ్వకర్మ పూజనాటి తెల్లవారుజామున ముసలయ్య తను నడిపే ట్రాక్టరు పక్కన చచ్చిపడి ఉన్నాడు. తల పగిలి ఉంది. ఇంజను తిప్పే ఇనప హ్యాండిలు పక్కనే పడి ఉంది. ఆ రోజు నుంచి షెడ్డు పోలీసు కాపలాలో ఉంది, ట్రాక్టరు స్టార్టు కాలేదు. సాక్చీ నుంచి వచ్చిన మిస్త్రీలు, అంటే మెకానిక్కులు, ముగ్గురూ ఓడిపోయారు. రెండోవాడు ఆ మూలుగు విని స్పానరు అక్కడే పారేసి వెళ్ళిపోయాడు. నూకమ్మ తమ్ముడు సూర్యం ట్రాక్టరు మిస్త్రీ. పూజకి ముందు బావతో పెద్ద గొడవ పడ్డాడు. బావ మీద కక్షతో రాత్రి వచ్చి ఇంజను పాడుచేస్తుంటే ముసలయ్య పట్టుకున్నాడనీ, సూర్యం హ్యాండిలుతో కొట్టి చంపాడనీ దరోగా, అంటే ఇక్కడి పోలీసు ఎస్సై, నీలకంఠం కేసు కట్టాడు. ఈ రోజు సాయంత్రం నాలుగింటికి సూర్యాన్ని కోర్టులో హాజరుపరుస్తాడు. నీలకంఠం రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన తెలుగువాడే. ఆ క్వార్టర్లలోనే నేనొకసారి అతని అనుమానం తప్పని తేల్చాను. అతను అది మరిచిపోలేదు.

షెడ్డులో అడుగు పెట్టగానే ఫినాయిలు వాసన ముక్కులో గుచ్చుకుంది. దాని మీద సాంబ్రాణి. రేకుల కప్పు కింద ఎర్రరంగు పాత ట్రాక్టరు, ఒళ్ళంతా పసుపు బొట్లతో, ఎండిన బంతిపూలతో, పెళ్ళి ఆగిపోయిన ఇంటిలా ఉంది. చక్రాల మధ్య నేల మీద పొడుగ్గా బూడిద పరిచి ఉంది.

“రండి రావుగారూ! దెయ్యాన్ని విచారించడానికా?” అన్నాడు నీలకంఠం.

“దాని వాంగ్మూలం మీ ఫైల్లో లేదు కదా, అందుకు.”

జగ్గారావు నా చేతులు పట్టుకున్నాడు. తెల్ల ధోవతి, మెడలో రుద్రాక్ష. “మాస్టారూ, ఎలాగైనా ఈ బండి కదిలించి పుణ్యం కట్టుకోండి. ముసలయ్య ఆత్మ ఇందులో చిక్కుకుంది. రోజూ ఫినాయిలు పోయిస్తన్నాను, ధూపం ఏయిస్తన్నాను. షెడ్డు నా చేతికిచ్చేస్తే శాంతి చేయిస్తాను.”

“దెయ్యానికి ఫినాయిలా?”

“ఎలకలేవో చచ్చినట్టున్నాయి. వాసన.”

“ఈ బూడిద ఏమిటి?”

“అది సర్వీసు గొయ్యి, బండి కింద దిగి పనిచేసుకోడానికి. వానలకి నీళ్ళు నిలుస్తున్నాయని పూజకి ముందు పూడిపించాను.”

కోర్టుకి తీసుకెళ్ళేముందు జరిగిన చోటు చూపించమని తెచ్చిన సూర్యం షెడ్డు మూల నిలబడ్డాడు. చేతులకి బేడీలు, బేడీలకి తాడు, తాడు కొస కానిస్టేబులు చేతిలో. నాకంటే ముందే వచ్చి అక్కడున్న నూకమ్మని చూసి “దీదీ, మత్ రో” అన్నాడు.

“ఒరే, తెలుగులో సెప్పరా! నా పేనం ఎల్లిపోతంటే ఆ బాస ఏటిరా?”

“ఏడవకే అప్పా” అన్నాడు వాడు, చిన్నపిల్లాడిలా. కానిస్టేబులు తాడు కొంచెం వదులు చేశాడు, వాడు మొహం తుడుచుకోడానికి. అలా చెయ్యమని కానిస్టేబులుకి ఎవరూ చెప్పలేదు. అతని నేమ్‌ప్లేటు చూసి పేరు గుర్తుపెట్టుకున్నాను.

“బావతో గొడవ ఎందుకు?” అడిగాను.

“ఇంజను బాగుంది సాబ్. నేనే సర్వీసు చేసినాను. పూజకి ముందు బావ ఏవేవో అడగడం మొదలెట్టినాడు. దీన్ని ఎవడూ స్టార్టు చెయ్యకుండా ఎలా ఆపాలి, బాగుచేసేవోడికి కూడా తెలీకుండా ఎలా ఆపాలి అని. పిచ్చెక్కిందా అన్నాను. మాటా మాటా పెరిగింది.”

నీలకంఠం చప్పట్లు కొట్టాడు. “సున్ లియా? విన్నారుగా? ఇంజను ఆపడం గురించే గొడవ. ఒప్పేసుకున్నాడు.”

“అడిగింది చచ్చినవాడు, దరోగా గారూ. చంపినవాడని మీరంటున్నవాడు కాదు.”

“అయితే స్టార్టు చెయ్యమనండి వీణ్ని! చెడగొట్టినవాడికి ఎక్కడ చెడగొట్టాడో తెలుస్తుంది.”

సూర్యం నా వైపు చూశాడు. “స్టార్టు చేస్తే నేనే పాడుచేసినానంటాడు. చెయ్యకపోతే దాస్తన్నానంటాడు. మై క్యా కరూఁ, ఏం చెయ్యను సాబ్?”

అది నిజం. ఆ ఇంజను స్టార్టయినా వాడి మెడకే, కాకపోయినా వాడి మెడకే. కోటు విప్పి నూకమ్మకిచ్చాను.

“నువ్వు చెయ్యి పెట్టకు. నోటితో చెప్పు. పని నేను చేస్తాను, దరోగా గారు చూస్తుంటారు.”

బ్యాటరీ కొత్తది, మూడో మిస్త్రీ పెట్టి వెళ్ళాడు. స్టార్టరు నొక్కాను. ఇంజను బలంగానే తిరిగింది. అప్పుడు విన్నాను ఆ శబ్దం. ముందు సన్నగా, ఎక్కడో గోడ అవతల పసిపిల్ల ఏడ్చినట్టు. తర్వాత లావుగా, గొంతులో గుడ్డ కుక్కినవాడు పిలవాలని చూసినట్టు. చెయ్యి తీసేశాను. శబ్దం వెంటనే ఆగలేదు. తగ్గుతూ తగ్గుతూ పోయింది. కానిస్టేబులు రామనామం అందుకున్నాడు. నేనూ చప్పున బండికి దూరం జరిగాను. ఆ సంగతి దాచుకోవడం ఎందుకు?

“డీజిలు చూడండి సాబ్” అన్నాడు సూర్యం.

ట్యాంకులో డీజిలు ఉంది. కుళాయి తెరిచే ఉంది. ఫిల్టరు మీద స్క్రూ వదులు చేశాను. నురగ లేదు, బుడగ లేదు, శుభ్రంగా డీజిలు కారింది. సిలిండరు దగ్గర పైపు నట్టు వదులు చేసి మళ్ళీ తిప్పాను. మూలుగుతో పాటే డీజిలు ఉమ్మినట్టు చిమ్మింది. అంటే లోపలిదాకా చేరుతోంది. నట్లు బిగించాను.

“డీజిలు చేరుతుంటే, అంటుకోకపోయినా పొగగొట్టంలోంచి తెల్లగా పొగైనా రావాలి కదా?” అన్నాను.

సూర్యం కళ్ళు చిట్లించాడు. “రావాలి. ఆ గొట్టం మీద రేకు మూత సూడండి. ఇంజను తిరిగితే టపటప కొట్టుకోవాలి.”

మళ్ళీ తిప్పాను. అందరం తలలెత్తి చూశాం. శవం మొహం మీది గుడ్డలా ఆ మూత కదలలేదు.

“గాలి బయటికి రావట్లేదు” అన్నాను.

“లోపలికి పోవట్లేదు!” సూర్యం అరిచాడు. “ఊపిరి ఆడట్లేదు సాబ్ దీనికి! గాలి ఫిల్టరు!”

“మిస్త్రీలు మొదట చూసింది అదే” అన్నాడు జగ్గారావు. “కింద గిన్నె విప్పి, దుమ్ము పట్టే నూనె శుభ్రంగా ఉందని మళ్ళీ పెట్టేశారు.”

గిన్నె చూశారు. గిన్నె నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టాన్ని ఎవరూ చూడలేదు. అది ఇంజను వెనక వైపు, చెయ్యి దూరని చోట. మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేశాను. గొట్టాన్ని పట్టి ఉంచే ఇనప పట్టీ, దానికో స్క్రూ. స్క్రూ విప్పబోయి ఆగిపోయాను.

స్క్రూ మీద బొట్టుంది. పసుపు మెత్తి, మధ్య కుంకుమ. ఎండి గట్టిపడిపోయింది. స్క్రూడ్రైవరు దూరే గాడి కూడా పసుపుతో నిండి ఉంది. ఒక్క బీటు లేదు.

నా భార్య సూర్యకాంతం ఉన్న రోజుల్లో విశ్వకర్మ పూజకి కుట్టుమిషను కడిగి బొట్లు పెట్టేది. కనపడే చోటే పెట్టేది. చక్రానికి, సూది కొయ్యకి, బల్లకి. మిషను కింద ఎవరికీ కనపడని స్క్రూకి ఎందుకు పెడుతుంది ఎవరైనా?

“నూకమ్మా, ఈ బొట్లు ఎవరు పెట్టారు?”

“నేనే బావూ. పూజ ముందునాడు సందేల. మావోడు బండి కడిగి, ఏలెట్టి సూపిత్తంటే నేను ఎట్టుకుంటా వొచ్చినాను.”

“ఇక్కడ, ఈ లోపల కూడా?”

ఆమె వంగి చూసి చీరచెంగు నోటికడ్డం పెట్టుకుంది. “అవును. అక్కడెవులు సూత్తారయ్యా అన్నాను. ‘సూసేవోడు సూత్తాడు, ఎట్టే’ అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ‘రేపు పూజకి ఊరంతా వత్తాది. అందరి ముందరా నేనే బండి కదుపుతాను’ అన్నాడు. డైవరు కదా, గొప్పకి అన్నాడనుకున్నాను.”

“తర్వాత ఇద్దరూ ఇంటికెళ్ళిపోయారా?”

“నాను ఎల్లిపోనాను. ఆడు ఇక్కడే పడుకుంతానన్నాడు.”

నేను లేచి నిలబడ్డాను. “దరోగా గారూ, ఇటు రండి. వంగండి. దీన్ని ఎవరైనా రాత్రి వచ్చి విప్పి ఉంటే ఈ బొట్టు ఇలా ఉంటుందా?”

అతను వంగి చాలాసేపు చూశాడు. ఒప్పుకోడానికి మనసొప్పలేదు గానీ, చూడడంలో మాత్రం మోసం చెయ్యలేదు. “ఉండదు” అన్నాడు చివరికి.

“అయితే ఈ గొట్టంలో ఏది అడ్డం ఉన్నా, బొట్టు పెట్టకముందే పెట్టారు. అక్కడ బొట్టు పెట్టించింది ముసలయ్యే. ఇంజను ఆపింది సూర్యం కాదు. చచ్చిపోయినవాడే.”

ఎవరూ ట్రాక్టరు వైపు చూడలేదు.

“ఎందుకు?” అన్నాడు నీలకంఠం. “తన బండి తనే ఎందుకు ఆపుకుంటాడు?”

“ఎవరో దాన్ని ఆ రాత్రి కదిలిస్తారని భయపడి. చక్రాల కింద చూడండి.”

నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. నల్లబడి, ముడుచుకుపోయి, కానీ నలగకుండా.

“పూజలో పెట్టినవి” అన్నాడు జగ్గారావు.

“పూజ జరగలేదు కదా? పంతులు రాకముందే శవం దొరికింది. నూకమ్మా, మీరు కొన్న నిమ్మకాయలేవి?”

“ఆ దేవుడి గూట్లోనే ఉన్నాయి బావూ. పూజయ్యాక బండి తొలిసారి కదిపేముందు కదా ఎడతారు!”

గూట్లో కాగితం పొట్లం విప్పాను. నాలుగు.

“పూజ ముందురోజు సాయంత్రం కడిగిన బండిని పూజ అయ్యేదాకా ఈ ఊళ్ళో ఎవడూ స్టార్టు చెయ్యడు. పెద్ద కార్ఖానా నుంచి పిండిమర దాకా అదే కట్టుబాటు. ఆ రాత్రి ఒక మనిషికి అది తప్పలేదు. తప్పు చేస్తున్నానని తెలుసు. భయపడ్డాడు. హత్యకి కాదు, అపచారానికి. అందుకని కదిపేముందు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టాడు. ఇంజను చెడగొట్టడానికి వచ్చినవాడు నిమ్మకాయలు పెట్టడు, నీలకంఠం గారూ. బండి నడపడానికి వచ్చినవాడు పెడతాడు.”

“నిమ్మకాయలతో కోర్టులో కేసు నిలవదు, రావుగారూ.”

“నిలవక్కర్లేదు. ముందు ఈ గొట్టం విప్పనివ్వండి.”

పసుపు పెచ్చులుగా రాలింది. పట్టీ వదులైంది. రబ్బరు గొట్టం లాగి వేళ్ళు లోపలికి పోనిచ్చాను. తడిగా, మెత్తగా ఏదో తగిలింది. బయటికి లాగాను. నూనెలో నానిన గళ్ళ తువ్వాలు, గట్టిగా చుట్టి కుక్కినది.

“మావోడిదే” అంది నూకమ్మ. ఏడవలేదు. చెయ్యి చాచి దాని అంచు మాత్రం ముట్టుకుంది.

చుట్ట విప్పాను. మధ్యలో ఇత్తడి ఈల. దానికి ఆకుపచ్చ దారం, దారానికో ఎర్రపూస. ఇంజను లోపలికి గాలి పీల్చినప్పుడల్లా తడిగుడ్డ సందుల్లోంచి వచ్చిన కాస్త గాలి ఈ ఈల గుండా పోయేది. ఇన్నాళ్ళూ అందరం విన్నది ముసలయ్య మూలుగు కాదు.

నీలకంఠం ఈల అందుకుని తిప్పి చూశాడు. “ఎవరిది ఇది?”

“నాకు తెలుసనుకుంటాను” అన్నాను. “తెలిసినామెని పిలవడానికి ధైర్యం చాలడం లేదు.”

పిలవక్కర్లేకపోయింది. మూలుగు ఆగి మాటలు పెరగడంతో జోగమ్మ గేటు దాటి వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. దరోగా చేతిలోని ఎర్రపూసని చూస్తోంది.

“ఆ పూస నేను గుచ్చినాను” అంది. “మావోడి ఈల. మావోడేడి?”

నేను పీటలాంటిదేదైనా ఉందా అని చుట్టూ చూశాను. నూకమ్మ అప్పటికే వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.

గొట్టం మళ్ళీ బిగించి, “సూర్యం చేతులు విప్పండి” అన్నాను. “ట్రాక్టరు ముందుకు తియ్యాలి. నాకంటే వాడు బాగా తీస్తాడు.”

“ఇప్పుడొద్దు!” జగ్గారావు గొంతు రేకుల కప్పుకి తగిలింది. “దొరికింది కదా! బాగైంది కదా! ఇక్కడే ఉండనీండి, సాయంత్రం నేనే తీయించుకుంటాను. ఇయ్యాళ రోజు మంచిది కాదు.”

“ఇందాక కదిలించి పుణ్యం కట్టుకోమన్నారు.”

“ఆఁ, అంటే...”

“జగ్గారావు గారూ, పూజ ముందురోజు సాయంత్రం నాలుగు విడి నిమ్మకాయలు కొన్నారు. ఎక్కడ పెట్టారు?”

అతను నా వైపు కాక జోగమ్మ వైపు చూశాడు. అది చాలు. నీలకంఠం ఆ చూపు పట్టుకున్నాడు. పొరపాట్లు చేస్తాడు గానీ గుడ్డివాడు కాదు. జేబులోంచి తాళంచెవి తీసి సూర్యం బేడీలు విప్పాడు. కానిస్టేబుల్ని గేటు వెయ్యమన్నాడు. విప్పిన బేడీలు చేతిలోనే ఉంచుకుని వెళ్ళి జగ్గారావు పక్కన, భుజానికి భుజం ఆనేంత దగ్గరగా నిలబడ్డాడు.

సూర్యం సీటెక్కాడు. ఎక్కేముందు స్టీరింగుకి దండం పెట్టాడు. స్టార్టరు నొక్కాడు.

మొదటి తిప్పుకి ఏమీ లేదు. మూలుగు కూడా లేదు. రెండో తిప్పుకి పొగగొట్టం మీది రేకు మూత ఒక్కసారి ఎగిరింది. తెల్లటి పొగ దగ్గింది. తర్వాత ఇంజను అంటుకుంది. షెడ్డు రేకులన్నీ అదిరాయి, ఎండిన బంతిరేకులు రాలాయి. సూర్యం ఏడుస్తూ గేరు వేశాడు.

నాలుగు నిమ్మకాయలూ చిట్లాయి. ముసలయ్య అన్నమాట ప్రకారమే, అందరి ముందరా, ట్రాక్టరు తన చోటు వదిలి వెలుగులోకి వెళ్ళింది.

దాని కింద గొయ్యి పొడవునా పరిచిన బూడిద కనిపించింది. సమంగా పరిచి, ఫినాయిలు పోసి తడిపిన బూడిద. ఇన్నాళ్ళలో అది కిందికి దిగింది. అంతటా కాదు. మధ్యలో మాత్రమే, నిలువుగా, ఒక మనిషి పొడవున.

తవిటయ్యని ఇక్కడ పూడ్చిన సంగతి ఈల దొరికి ముసలయ్య కనిపెట్టాడు; పూజనాడు అందరి ముందరా గొయ్యి బయటపడేలా బండిని దాని మీద నిలిపి ఊపిరి ఆపాడు; ఆ రాత్రి శవాన్ని తరలించడానికి వచ్చినవాడు బండి కదలక, అడ్డొచ్చిన అతన్నే హ్యాండిలుతో కొట్టాడు. జగ్గారావు గేటు వైపు తిరిగాడు. బేడీలు మూసుకున్న చప్పుడు ఇంజను హోరులో నాకు వినపడలేదు. జోగమ్మ నోరు తెరిచింది. ఆమె కేక కూడా ఆ హోరులోనే కలిసిపోయింది. సూర్యం తాళం తిప్పి ఇంజను ఆపబోతుంటే, ఆపొద్దని చెయ్యి ఊపాను. ఇంకాసేపు నడవనీ అన్నాను.

గొయ్యి తవ్వడానికి కానిస్టేబులు పార తెచ్చాడు. నీలకంఠం అతని చేతిలోంచి అది తీసుకుని, టోపీ తీసి నాకిచ్చి, బూడిదలోకి తనే దిగాడు.